ముగింపు ఉన్న కథలను ముగింపుతో సహా చూపించండి

హైదరాబాద్ నుంచి నడిచే తెలుగు వినోద ఛానళ్ల, ఓటీటీ సంస్థల కథా విభాగాల బాధ్యులకు, రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం అధికారులకు,

నమస్కారం.

మన వారపత్రికల్లోనూ మాసపత్రికల్లోనూ అరవై ఏళ్లుగా వచ్చి, ఇప్పుడు అబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల బజారులో కట్టలు కట్టలుగా పడి ఉన్న ప్రేమ, సస్పెన్స్ నవలలను టీవీ కోసమే తీసే సినిమాలుగా మలచమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక సాయంత్రం మొదలై ఆ సాయంత్రమే ముగిసే సినిమాలు కావాలి. నేను చాలాకాలంగా ఈ ఊళ్లో రోజువారీ సీరియళ్లకు సంభాషణలు రాస్తూ బతుకుతున్నదాన్ని. మీ కష్టసుఖాలు కొంత ఎరిగే అడుగుతున్నాను.

సస్పెన్స్ రాసే రచయిత మొదటి ప్రకరణంలోనే పాఠకులకు బాకీ పడతారు. మేడమీద తాళం వేసిన గదిలో ఏముంది, మొదటి భార్య ఎలా చనిపోయింది, ఇంత మర్యాదగా మాట్లాడే ఈ మనిషి రాత్రి పదకొండు గంటలకు ఎక్కడికి వెళుతున్నాడు? ఈ ప్రశ్నలు లేవనెత్తినవారు చివరి పేజీలోగా జవాబు చెప్పి తీరాలి. అందులోనూ ప్రేమ కలిసిన సస్పెన్స్‌లో బాకీ రెండింతలు. హంతకుడెవరో తెలియడంతో సరిపోదు. ఆ అమ్మాయి నమ్మిన మనిషి నమ్మదగినవాడా కాదా అన్నది కూడా తేలాలి. అది తేలేదాకా పాఠకురాలు దీపం ఆర్పదు.

మన రోజువారీ సీరియల్ ఈ బాకీని తీర్చలేదు. తీర్చకపోవడం మీదే అది నడుస్తుంది. వారానికి ఐదారు రోజులు ప్రసారం, గురువారం రేటింగులు, శుక్రవారం నాటికి కథలో మార్పులు. రేటింగు బాగుంటే ముగింపు వెనక్కి జరుగుతుంది, బాగా లేకపోతే ముగింపే లేకుండా కథ ఆగిపోతుంది. ఈ పద్ధతిలో ఎంత మంచి కథకులైనా ముడి వేయగలరు కానీ విప్పలేరు. కొన్నేళ్ల కిందట ఒక ఛానల్‌కు ఒక పాత నవల కథ చెప్పాను. విన్న ఇద్దరికీ నచ్చింది. 'హంతకుడెవరో ఎప్పుడు తెలుస్తుంది?' అని అడిగారు. చివర్లో అన్నాను. 'అయితే రెండేళ్ల దాకా తెలియకుండా నడపగలరా?' అన్నారు. ఆ నవల మొత్తం పదకొండు రోజుల్లో జరిగే కథ. నడపలేనని చెప్పి వచ్చేశాను. వాళ్లను తప్పుపట్టను. వాళ్ల చేతిలో ఉన్న గిన్నెలో ఈ కథ పట్టదు, అంతే. గిన్నె మార్చమనే ఇప్పుడు నేను అడుగుతున్నది.

నవలలు సీరియళ్లుగా రాణించలేదని అనను. యద్దనపూడి సులోచనారాణి గారి 'గిరిజా కల్యాణం' ఆధారంగా మాటీవీలో వచ్చిన 'రాధా మధు'ను ఇళ్లల్లో ఎంత ఇష్టంగా చూశారో నాకు గుర్తుంది. కుటుంబ కథ సాగదీతను కొంతవరకు ఓర్చుకుంటుంది. ఒక ఇంటి మనుషులతో రోజూ కాసేపు కూర్చోవడం ప్రేక్షకులకు హాయిగానే ఉంటుంది. అనుమానం మాత్రం అలా నిలవ ఉండదు. నాలుగు వారాలు దాటాక అది అనుమానం కాదు, విసుగు.

సినిమా ఈ నవలలను ఒకప్పుడు బాగా వాడుకుంది. కోడూరి కౌసల్యాదేవి గారి నవల 1971లో 'ప్రేమనగర్' అయింది. యద్దనపూడి నవలల నుంచి 1973లోనే 'మీనా', 'జీవన తరంగాలు' రెండూ వచ్చాయి, 1976లో 'సెక్రటరీ' వచ్చింది. 1983 నాటి 'అభిలాష' యండమూరి వీరేంద్రనాథ్ గారి నవల. ఉరిశిక్ష రద్దు కోసం తనమీద తానే హత్యానేరం వేసుకునే యువ లాయరు కథను జనం థియేటర్లలో ఊపిరి బిగబట్టి చూశారు. తర్వాత సినిమా పెద్దదైపోయింది. పెద్ద హీరోకు తగినన్ని ఫైట్లు, పాటలు సర్దాక ఒక టైపిస్టు అమ్మాయి భయానికి అందులో చోటు మిగలలేదు. టీవీ అప్పుడే ఆ చోటు ఇచ్చి ఉండవలసింది.

మన నవల విలువ పక్కవాళ్లకు తెలిసింది. యండమూరి గారి 'వెన్నెల్లో ఆడపిల్ల'ను కన్నడంలో సునీల్ కుమార్ దేశాయ్ 1995లో 'బెళదింగళ బాలె'గా తీశారు. చదరంగం ఆటగాడు, ఫోనులో ఒక అమ్మాయి గొంతు, ఆమె ఎవరో కనుక్కోమన్న పందెం. అనంత్ నాగ్ ముఖం మీద, ఆ గొంతు మీద కథంతా నడిపారు, ఆమె ముఖం మాత్రం చూపలేదు. కన్నడిగులు ఇప్పటికీ ఆ సినిమాను తలుచుకుంటారు. ఒక గది, ఒక ఫోను, ఒక మంచి నటుడు. ఇంతకన్నా టీవీకి సరిపడే కథ ఉంటుందా?

బయట దేశాల్లో ఈ పని ఎప్పటినుంచో జరుగుతోంది. అమెరికాలో లైఫ్‌టైమ్ ఛానల్ నోరా రాబర్ట్స్ నవలలను 2007లో నాలుగు, 2009లో మరో నాలుగు టీవీ సినిమాలుగా తీసింది. 2007 నాటివి వరసగా నాలుగు సోమవారాలు వేశారు. వాటిలో మొదటిది 'ఏంజెల్స్ ఫాల్'. ఒక ఘోరం నుంచి ఒంటరిగా బతికి బయటపడిన వంటమనిషి ఒక కొండ ఊరికి చేరుతుంది. అవతల ఏటి ఒడ్డున ఒకడు ఒక స్త్రీ గొంతు నులమడం దూరం నుంచి చూస్తుంది. పోలీసులు వెళితే అక్కడ ఆనవాలు కూడా ఉండదు. ఊరంతా ఆమెకు మతి చలించిందనుకుంటుంది, నమ్మేది ఒక్కడే. ఇక ఆ నమ్మేవాడినైనా ఆమె నమ్మవచ్చా అన్నది ప్రేక్షకుల భయం. రాబర్ట్స్ నవలలు చాలా లావుపాటివి. వాటిని గంటన్నరకు దించేటప్పుడు ఉపకథలు పోయాయి, ఊళ్లోని సగంమంది పాత్రలు పోయారు. ఆ స్త్రీ భయం, ఆ మనిషి మీద ఆమెకు పెరిగే నమ్మకం, ఈ రెండూ ఉంచారు. ఏది తీసేయాలో తెలియడమే అనుసరణలో సగం పని.

జర్మనీ ప్రభుత్వ ప్రసార సంస్థ జడ్‌డీఎఫ్ సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. రోజమండ్ పిల్చర్ అనే బ్రిటిష్ రచయిత్రి కథలను 1993 నుంచి ఆదివారం రాత్రి టీవీ సినిమాలుగా వేస్తూ వస్తోంది. ఇప్పటికి నూరు దాటిపోయాయి. అవి సస్పెన్స్ కన్నా ప్రేమకథలే ఎక్కువ. నేను చెప్పదలచింది అలవాటు గురించి. కథ ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరంలో జరుగుతుంది, అక్కడికే వెళ్లి తీస్తారు, ఆ సినిమాలు చూసి జర్మన్లు ఆ సముద్రతీరం చూడటానికి బయలుదేరతారు. ఆదివారం రాత్రి ఒక కథ ఉంటుందని, అది ఆ రాత్రే పూర్తవుతుందని తెలిస్తే జనం కూర్చుంటారు. మనవాళ్లు కూర్చోరని ఎవరు తేల్చారు?

టీవీ సినిమా అంటే తక్కువరకం అనుకునేవాళ్లకు ఒక్క మాట. సత్యజిత్ రాయ్ 1981లో ప్రేమ్‌చంద్ కథతో 'సద్గతి' తీసింది దూరదర్శన్ కోసం. స్పీల్‌బర్గ్ పేరు మొదట మోగింది 1971లో ఏబీసీ ఛానల్ కోసం తీసిన 'డ్యూయల్' అనే టీవీ సినిమాతో.

ఇక కొలతల సంగతి. కేబుల్ టీవీ నియమాల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు. రెండు గంటల స్లాటులో 24 నిమిషాలు ప్రకటనలకు పోగా సినిమాకు 96 నిమిషాలు మిగులుతాయి. రెండు వందల పేజీల నవలకు ఇది చక్కగా సరిపోతుంది. పైగా మన నవలలు పుట్టిందే ముక్కలు ముక్కలుగా, వారం వారం. ప్రతి భాగం చివర ఒక కుదుపు ఉంటుంది. తలుపు తట్టిన చప్పుడు, ఉత్తరం కింద తెలియని సంతకం, అంతవరకు 'మీరు' అన్న మనిషి అకస్మాత్తుగా 'నువ్వు' అనడం. ప్రకటనల విరామం ఎక్కడ పెట్టాలో ఆ రచయితలు యాభై ఏళ్ల కిందటే గుర్తు పెట్టి ఉంచారు. మనం పేజీలు తిప్పి చూసుకుంటే చాలు.

కష్టమంతా మరోచోట ఉంది. నవలలో మనం కథానాయిక మనసులో కూర్చుని ఉంటాం. ఆమె అనుమానం, ఆ అనుమానం మీద ఆమెకే కలిగే సిగ్గు, అన్నీ మాటల్లో ఉంటాయి. తెరమీద ఆ మాటలు ఉండవు. ఇలాంటి ఘట్టం ఒకటి అనుకోండి. బంజారాహిల్స్‌లో ఒక పెద్ద బంగళాకు టైపు పనిమీద వచ్చిన అమ్మాయి కార్బన్ పేపరు కోసం సొరుగు లాగుతుంది. లోపల తన ఫొటో. తాను ఈ ఇంటికి రావడానికి రెండేళ్ల ముందు కాలేజీలో తీసినది. నవలలో ఇక్కడ ఒకటిన్నర పేజీ ఆలోచన నడుస్తుంది. సీరియల్లో నేనైతే ఏం రాస్తానో మీకు తెలుసు. ఆమె ముఖం మూడుసార్లు దగ్గరగా, ఉరుము చప్పుడు, మనసులోని మాటగా 'నా ఫొటో ఇక్కడికెలా వచ్చింది?', వెంటనే వంటింట్లో అత్తయ్య ముఖం, అక్కడితో ఆ రోజుకు సరి. టీవీ సినిమాకైతే ఒక్క మాట కూడా రాయను. ఆమె ఫొటో చూస్తుంది. వెనక్కి తిప్పి తేదీ చూస్తుంది. బయట కారు చప్పుడవుతుంది. గబుక్కున లోపల పెట్టి సొరుగు మూసేస్తుంది. పది నిమిషాల తర్వాత మరేదో సన్నివేశంలో అతను మాట్లాడుతూ మాట్లాడుతూ అదే సొరుగు తెరుస్తాడు, లోపల వంకరగా ఉన్న ఫొటోను ఒక వేలితో సరిచేస్తాడు, మూసేసి మాట కొనసాగిస్తాడు. ఆమె అతని చేతినే చూస్తూ ఉంటుంది. ఆ క్షణం నుంచి ప్రేక్షకులు ఆమె పక్షాన ఉంటారు. అతను మంచివాడో కాదో తెలుసుకోకుండా లేవరు.

దీనికి నటుల ఎంపిక ప్రాణం. కథానాయకుడిగా అందరికీ తెలిసిన స్టార్‌ను పెడితే అతని మీద ఎవరికీ అనుమానం రాదు. దుర్మార్గులకు మనం అలవాటుగా పెట్టే కనుబొమ్మలు, బొట్టు, నేపథ్య సంగీతం పెడితే మొదటి పది నిమిషాల్లోనే కథ అయిపోతుంది. ఈ నగరంలో నాటకరంగం నుంచి వచ్చిన మంచి నటులు ఉన్నారు. సీరియళ్లలో తండ్రులుగా, బాబాయిలుగా నాలుగు మాటలకు పరిమితమైనవారున్నారు. కళ్లతో అబద్ధం చెప్పగలవాళ్లు కావాలి. వాళ్లను వెతికే ఓపిక ఉండాలి.

కాలాన్ని మార్చవద్దని నా మనవి. 1970ల నవలను తెచ్చి ఇవాళ్టి గచ్చిబౌలిలో పెడితే సగం కథ ఆవిరైపోతుంది. ట్రంక్ కాల్ కోసం పోస్టాఫీసులో కూర్చున్న అమ్మాయి భయం, చేతిలో మొబైల్ ఉన్న అమ్మాయికి ఉండదు. ఒక్క ఫోనుతో తేలిపోయే అపార్థాన్ని తొంభై నిమిషాలు నడిపితే ప్రేక్షకులు నవ్వుతారు. ఆ కాలాన్ని ఆ కాలంగానే తీయండి, జాగ్రత్తగా తీయండి. 1975లో ట్యాంక్‌బండ్ మీద ప్రేమికులు నడుస్తుంటే వాళ్ల వెనక హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు కనిపించకూడదు, ఆ విగ్రహం నిలబడింది 1992లో. గట్టు మీది విగ్రహాలు కూడా 1980ల దాకా లేవు. ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు మాత్రం ఉండాలి. ఇలాంటివి చూసి పట్టుకునే ప్రేక్షకులే ఈ సినిమాలకు మొదటి ప్రేక్షకులు. వాళ్లను తేలికగా తీసుకోవద్దు.

మార్చవలసినవీ ఉన్నాయి. ఆ రోజుల నవలల్లో కొందరు కథానాయకులు కోపం వస్తే చెంపమీద కొడతారు, వద్దన్నా వెంటపడతారు, ఈర్ష్యనే ప్రేమగా చెలామణి చేస్తారు. నేను ఆ నవలలను ప్రేమించి చదివినదాన్నే అయినా ఆ చెంపదెబ్బను ఇవాళ తెరమీద ప్రేమగా చూపడాన్ని ఒప్పుకోను. తీసేయండి. లేదా అతని మీద అనుమానానికి అదే ఆధారం చేయండి, కథ ఇంకా బిగుస్తుంది. అమ్మాయి ఉద్యోగం, జీతం, ఆత్మాభిమానం మాత్రం ముట్టుకోవద్దు. మధ్యతరగతి ఇంటి నుంచి వచ్చి, టైపు నేర్చుకుని, తన కాళ్ల మీద నిలబడి, ధనవంతుడి ముందు తల వంచని ఆ అమ్మాయి కోసమే ఒక తరం ఆడవాళ్లు పత్రిక వచ్చే రోజు కోసం ఎదురుచూశారు. ఆ కాలంలో మగ రచయితలు కొందరు ఆడపేర్లు పెట్టుకుని మరీ రాశారంటే ఆ పాఠకురాళ్ల బలం ఎంతటిదో ఆలోచించండి. ఆ అమ్మాయిని ఏడుస్తూ కూర్చునే కోడలిగా మారిస్తే ఆ నవలను వాడుకున్నట్టు కాదు, పేరును వాడుకున్నట్టు.

హక్కుల గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. పాత పుస్తకాల బజారులో పది రూపాయలకు దొరికినంత మాత్రాన ఆ నవల ఎవరి సొత్తూ కానిదైపోదు. మన చట్టం ప్రకారం రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు హక్కులు వారసులవి. యద్దనపూడి గారు 2018లో వెళ్లిపోయారు. ఆమె నవలల మీద హక్కులు 2078 చివరిదాకా ఉంటాయి. సినిమావాళ్లకు ఎప్పుడో అమ్మేశారు కదా అని ఊరుకోవద్దు. ఒప్పందంలో గడువు రాయకపోతే అది ఐదేళ్లకే అని చట్టంలో ఉంది. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, ప్రత్యేకంగా రాస్తే తప్ప, హక్కు బదిలీ కాదని 2012 సవరణ చెబుతోంది. పాత కాగితాలు తీయించి న్యాయవాదికి చూపించండి. కథను తీసుకుని, పేర్లు మార్చి, ఊరు మార్చి వాడేసుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ పని చేసిన గదిలో నేను కూర్చున్న రోజులు ఉన్నాయి, అప్పుడు నా మాట చెల్లలేదు. ఇప్పుడు బహిరంగంగా చెబుతున్నాను. కుటుంబానికి డబ్బు ఇవ్వండి. టైటిల్ కార్డు మీద రచయిత పేరు, నవల పేరు తెలుగులో, చదవడానికి వీలైనంతసేపు ఉంచండి.

ఖర్చు పెద్ద అడ్డంకి కాదని అనుకుంటాను. మన సీరియల్ యూనిట్లు ఒక్క రోజులో ఒక ఎపిసోడ్ తీస్తాయి, అంటే ఇరవై నిమిషాల పైచిలుకు. అందులో మూడో వంతు వేగంతో, రోజుకు ఆరు నిమిషాల చొప్పున తీసినా 96 నిమిషాలకు 16 రోజులు చాలు. కెమెరామన్‌కు దీపం సర్దుకోవడానికి, నటికి ఒక చూపును రెండోసారి ప్రయత్నించడానికి సమయం దొరుకుతుంది. ఆ రెండోసారి కోసం ఎంతమంది సాంకేతిక నిపుణులు కృష్ణానగర్‌లో, యూసుఫ్‌గూడలో ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు. నటీనటులు, కెమెరాలు, ఎడిటింగ్ గదులు, అన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి.

ఈ పని తెలుగులో అసలు మొదలు కాలేదని కాదు. మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి 'తొమ్మిది గంటలు' 2022లో వెబ్ సిరీస్‌గా వచ్చింది. ఇలాంటివి ఎప్పుడో ఒకటి వస్తే అది సాహసమే అవుతుంది తప్ప సంప్రదాయం కాదు. అందుకే ఒక్క టీవీ సినిమా తీసి రేటింగు చూసి తీర్పు చెప్పవద్దని వేడుకుంటున్నాను. నాలుగు నవలలు ఎంచుకోండి. వరసగా నాలుగు ఆదివారాలు, రాత్రి ఎనిమిదిన్నరకు వేయండి, నాలుగింటినీ ముందే కలిపి ప్రకటించండి. ప్రతిదీ ఆ రాత్రే పూర్తవుతుందని ప్రకటనలో స్పష్టంగా రాయండి. దూరదర్శన్‌కు ఇందులో మరింత బాధ్యత ఉందని నా అభిప్రాయం. గురువారం రేటింగుల కోసం బతకనవసరం లేని సంస్థ అది ఒక్కటే. ప్రసారభారతికి ఇప్పుడు 'వేవ్స్' పేరుతో సొంత ఓటీటీ కూడా ఉంది. ఆదివారం చూడలేకపోయినవారు అక్కడ చూసుకుంటారు.

ఎంపికకు పాఠకుల సాయం తీసుకోండి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, సుల్తాన్ బజారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో ఈ నవలలు చదివి పెరిగినవాళ్లు ఇంకా వస్తున్నారు. ఏ నవలలో ముడి గట్టిదో, ఏ నవలలో ముగింపు తేలిపోయిందో వాళ్లు నిలబడిన చోటే చెప్పగలరు. నా దగ్గర కూడా ఒక జాబితా ఉంది, ఒక్కొక్క నవలకు విరామాలు ఎక్కడ పడతాయో రాసి పెట్టుకున్నాను. మీలో ఏ కథా విభాగం పిలిచినా ఆ కాగితాలతో వస్తాను. పని నాకే ఇవ్వాలన్న షరతు లేదు. రచయిత్రుల కుటుంబాలకు ముందుగా కబురు చేసి, వారి అనుమతి పత్రం బల్లమీద పెట్టుకున్నాక పిలవండి.

ఇట్లు,
రోజువారీ ధారావాహికల సంభాషణల రచయిత్రి,
యూసుఫ్‌గూడ, హైదరాబాద్